తెలుగునేల రాజలాంఛనములు

రాజలాంఛనమనగా ఒక రాజవంశముగాని, ప్రభుత్వముగాని తన శాసనములకును, నాణెములకును, ధ్వజములకును గుర్తుగా నిలుపుకొను చిహ్నము. తెలుగు దేశమున దీని చరిత్ర శాతవాహనుల నాణెములతో మొదలై, వేంగీ చాళుక్యుల రాగిరేకుల ముద్రలయందు సంపూర్ణ రూపము దాల్చి, కాకతీయ విజయనగర రాజుల వరాహమునందు కొనసాగి, గోలకొండ సుల్తానుల మొహరులను, ఆసఫ్ జాహీల పసుపుపచ్చని జెండాను దాటి, నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల అధికారముద్రల వరకు వచ్చినది. ఇంచుమించు రెండువేల యేండ్ల యీ వరుసలో ఒక్క సంగతి పలుమారు కానవచ్చును. క్రొత్తగా గద్దె నెక్కినవారు క్రొత్త గుర్తును కల్పించుకొనుట అరుదు. పాతవారి గుర్తును చేపట్టి, ఈ నేలకు తాము క్రొత్తవారము కామని చాటుకొనుటయే పరిపాటి.

పదవివరణము

లాంఛనమను సంస్కృత శబ్దమునకు మచ్చ, గుర్తు అని యర్థము. కుందేటి మచ్చ గలవాడగుటచేతనే చంద్రుడు శశలాంఛను డైనాడు. నేటి వాడుకలో ఈ మాట పెండ్లిండ్లలో ఆడబిడ్డల కిచ్చు లాంఛనములకును, ‘అంతా లాంఛనప్రాయమే’ యను నానుడికిని దిగివచ్చినది. ఏ గుర్తు లేనిదే దానము చెల్లకపోయెడిదో, ఆ గుర్తు పేరే ఇప్పుడు పైపై మర్యాదకు పర్యాయపదమగుట పదముల చరిత్రలో ఒక వింత. ధ్వజమునకు మాత్రము తెలుగున మాటలకు కొదువ లేదు. పతాక, కేతనము అను తత్సమములు గాక, టెక్కెము, సిడము, పడగ యను మాటలు ప్రాచీన కావ్యములలో విరివిగా కలవు. జెండా హిందుస్తానీనుండి వచ్చి, తక్కిన వానినన్నిటిని ప్రక్కకు నెట్టి, ఊరూర పాతుకొన్నది.

ముద్రపై నుండు లాంఛనమును, సేనకు ముందు నడచు ధ్వజమును ఒకటే యని భావించుట పొరపాటు. పూర్వరాజులలో పెక్కుమందికి ఈ రెండును వేరు వేరు. పల్లవుల ముద్రపై వృషభ ముండగా వారి ధ్వజముపై ఖట్వాంగ ముండెను. కదంబులకు లాంఛనము సింహము, ధ్వజము వానరము. బాదామి చాళుక్యులు వరాహమును లాంఛనముగా నుంచుకొనియే, విజయములందు పగవారి ధ్వజములను గూడ గైకొని తమ బిరుదావళిలో చేర్చుకొనిరి. చాళుక్య వినయాదిత్యుడు ఉత్తరాపథపతిని జయించి పాళిధ్వజమును పొందెనని వారి శాసనములు చెప్పుచున్నవి. లాంఛనము వంశమునకు పుట్టుమచ్చ వంటిది. ధ్వజము గెలుచుకొనదగినది, పోగొట్టుకొనదగినది కూడ.

రాగిరేకు, కడియము, ముద్ర

ప్రాచీన రాజముద్ర ఎట్లుండునో తెలిసికొనుటకు ఒక తామ్రశాసనమును చేతబట్టి చూచుట మేలు. దీర్ఘచతురస్రాకారముగా సాగగొట్టిన రాగిరేకులు మూడో, ఐదో యుండును. అక్షరములు ఒరసుకొని అరిగిపోకుండ వాని అంచులను కొంచెము పైకెత్తి కొట్టుదురు. మొదటిరేకు వెలుపలి ప్రక్కను, తరచుగా కడపటిరేకు వెలుపలి ప్రక్కను గూడ, వ్రాయక విడిచిపెట్టుదురు. రేకుల ఎడమవైపున బెజ్జము వేసి, అందు రాగికడియమును దూర్చి, కడియపు రెండు కొనలను పోతపోసిన ముద్ర అడుగుభాగమున బిగించి అతుకుదురు. ముద్ర గుండ్రనై, అరచేతిలో నిముడునంత యుండును. దానిపై లాంఛనమును, రాజు బిరుదును ఉబ్బెత్తుగా నిలుచును.

ఈ యేర్పాటు అందమునకై కల్పించినది కాదు. ఒక రేకును తీసివేయవలెనన్నను, ఒక దొంగరేకును చేర్చవలెనన్నను, కడియమును కోయక తప్పదు. కోసిన కడియము కోతను దాచలేదు. కావుననే శాసనములను పరిష్కరించి ప్రకటించు పండితులు, ఆ రేకులు తమ చేతికి వచ్చునప్పటికి కడియము కోసియున్నదా, లేదా యని తప్పక వ్రాయుట ఆచారము. రాజు మాట రేకులపై నుండినను, ఆ మాట మారలేదనుటకు సాక్షి కడియమే, ఆ కడియమునకు తాళము ముద్రయే.

తొలి చిహ్నములు

శాతవాహనుల నాణెములపై ఏనుగు, సింహము మొదలగు జంతువులును, అడ్డగీటులు రెండు కలిసి, నాలుగు కొనలయందును వలయములు గల ‘ఉజ్జయినీ చిహ్న’మును కనబడును. కోస్తా తీరమున దొరకిన వానిలో రెండు స్తంభముల ఓడ బొమ్మ గల నాణెములు ప్రసిద్ధములు; సముద్రవ్యాపారమున కంతటి స్థానమిచ్చిన నాణెము దక్షిణాపథమున మరియొకటి అరుదు. అయితే ఆ కాలమున ఒకే వంశము పెక్కు గుర్తులను వాడుచుండెనే కాని, ఒక్క గుర్తు వంశమునకు స్థిరపడలేదు.

స్థిరమైన లాంఛనములు తామ్రశాసనములతో గాని రాలేదు. ఏలూరు చెంత పెదవేగియైన వేంగీపురమునుండి పాలించిన శాలంకాయనుల ముద్రపై వృషభ ముండెను. శాలంకాయన శబ్దమునకే నంది యను నర్థము కలదు గావున, వంశనామమే లాంఛన మైనదని చెప్పవచ్చును. వారి వెనుక వచ్చిన విష్ణుకుండినులు సింహమును గైకొనిరి. పంజా ఎత్తి, నోరు తెరచి, తోకను వీపుమీదికి వంచి నిలిచిన ఆ సింహము వారి ముద్రలయందును నాణెములయందును ఒకే తీరున నున్నది. ముఖలింగ ప్రాంతమునేలిన కళింగ గాంగులు మరల వృషభమునే, కాని పరుండియున్న దానిని, ముద్రపై నుంచిరి.

వేంగీ వరాహము

తెలుగుదేశమున రాజలాంఛనమునకు నిజమైన దీర్ఘాయువు చాళుక్యులతో వచ్చినది. బాదామి చాళుక్య ప్రభువు రెండవ పులకేశి తూర్పుతీరమును జయించి, తన తమ్ముడైన కుబ్జవిష్ణువర్ధనుని వేంగీ రాజ్యమున నిలిపెను. క్రీ. శ. 624 ప్రాంతమున ఆరంభమైన ఆ శాఖ నాలుగు శతాబ్దములకు మించి పాలించెను. తమ్ముడు అన్న లాంఛనమును వెంట తెచ్చుకొనెను. నారాయణుని ప్రసాదముచే తమకు వరాహ లాంఛనము లభించెననియు, దానిని కన్నంత మాత్రముననే శత్రుమండలములు వశమగుననియు ఆ వంశపు ప్రశస్తి ప్రతి శాసనారంభమునను చెప్పుచుండెను.

తూర్పుచాళుక్యుల ముద్రలలో సుప్రసిద్ధమైనది ‘శ్రీ త్రిభువనాంకుశ’ యను అక్షరములు గలది. మూడు లోకములకును అంకుశ మైనవాడని ఆ బిరుదున కర్థము. బిరుదు అక్షరములలోనే నిలిచిపోలేదు. నిజమైన అంకుశమే బొమ్మగా ముద్ర కెక్కినది. ముద్రపై వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, క్రింద వికసించిన పద్మము ఉండుట సామాన్యము. చదువురాని గ్రామికునకు సయితము ఆ ముద్ర అక్షరములతో నిమిత్తము లేకయే తెలియునట్లు తీర్చినవారు బొమ్మను, మాటను ఒకదాని కొకటి అద్దముగా నిలిపిరి.

వరాహమునే యేల ఎన్నుకొనిరన్న ప్రశ్నకు, నీట మునిగిన భూమిని కోరపై నెత్తిన విష్ణువు అవతారము రాజునకు తగిన పోలికయని సమాధానము చెప్పుకొనవచ్చును. ఈ ముద్రలు ప్రధానముగా భూదానపత్రములకు బిగించినవి. భూమి నుద్ధరించిన మూర్తి భూమి నిచ్చు పత్రమునకు కాపుండుట యుచితమే. సూర్యచంద్రుల విషయమున ఊహతో పనిలేదు. దానము ‘ఆచంద్రార్కము’ చెల్లవలెనని పాఠమునందు వ్రాయుదురు. ఆ మాటకే ముద్రపై రెండు బొమ్మలు.

రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుడు నారాయణభట్టున కిచ్చిన నందంపూడి తామ్రశాసనమును రచించినవాడు నన్నయభట్టు. ఆంధ్రభారతమున తనకు సాయపడిన మిత్రునకు దక్కిన అగ్రహారమునకు దానపత్రము వ్రాయు పని ఆదికవికే లభించినది. కవి పద్యము, పండితుని మాన్యము, రాజు ఆజ్ఞ యనునవి మూడును ఒక్క కడియమున గ్రుచ్చుకొన్న సందర్భము తెలుగు సాహిత్యచరిత్రలో అంతకంటె స్పష్టమైనది లేదు.

ఓరుగంటినుండి విజయనగరమునకు

కాకతీయులు తొలుత రాష్ట్రకూటులకును, పిమ్మట కల్యాణి చాళుక్యులకును సామంతులు. హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము (1163) వలన రుద్రదేవుడు స్వతంత్రుడైన సంగతి తెలియుచున్నది. స్వతంత్రులైన పిమ్మటను వారు తమ పూర్వప్రభువుల వరాహమును విడువలేదు. ప్రభుత్వము మారినది, గుర్తు మారలేదు. మారకుండుటయే వారి కవసరము. నిన్నటి ఏలికల ముద్రను చూచి తలవంచిన పల్లెలు నేటి ఏలికల ముద్రను చూచి వెరగుపడకుండుటకు అంతకన్న సులభోపాయము లేదు.

1336లో ఆరంభమైన విజయనగర రాజ్యము కూడ వరాహమునే చేపట్టినది. వరాహమునకు ఎదురుగా నిలిపిన కత్తి, మీద సూర్యచంద్రులు గల ఆ లాంఛనమును హంపీ కట్టడముల గోడలపై నేటికిని చూడవచ్చును. తామ్రశాసనముల ముద్రలపైనను ఇదే వరాహము. ఆ శాసనముల కడపట మరియొక గుర్తు కూడ కలదు. పాఠమంతయు నందినాగరి లిపిలో సాగగా, చివర పెద్ద కన్నడాక్షరములతో ‘శ్రీ విరూపాక్ష’ యని యుండును. రాజు తన పేరు వ్రాయక, తన దేవుని పేరనే చేవ్రాలు చేసినట్లన్నమాట. అరవీటివారి పాలనలో వేంకటపతిరాయల నాటికి ఆ చోటున ‘శ్రీ వేంకటేశ’ యని మారినది. వరాహము మాత్రము చెక్కుచెదరలేదు.

వరాహము నాణెమునకు పేరైన తీరు మరింత విచిత్రము. చాళుక్య నాణెములపై నుండిన వరాహమునుబట్టి వచ్చిన ఆ పేరు, విజయనగర కాలమున సుమారు 3.4 గ్రాముల బంగారునాణెమునకు స్థిరపడినది. కాని ఆ నాణెములపై వరాహము సాధారణముగా కానరాదు. తొలిరాజుల వానిపై హనుమంతుడు, రెండవ హరిహరరాయల వానిపై ఉమామహేశ్వరులు, కృష్ణదేవరాయల వానిపై బాలకృష్ణుడు, అచ్యుతరాయల వానిపై గండభేరుండము ఉండెను. బొమ్మ చెరగినను పేరు చెరగలేదు. కథలలో, సామెతలలో తెలుగువారు లెక్కపెట్టు వేయి వరహాలలో చాళుక్యుల లాంఛనమే యింకను మెలగుచున్నది.

మొహరులు, జెండాలు

గోలకొండ కుతుబ్ షాహీల కాలమున (1518–1687) ముద్ర స్వరూపము మారెను. రాగికడియము పోయి కాగితము వచ్చినది. పోతముద్రకు మారుగా సిరాలో అద్ది కాగితముపై నొత్తు మొహరు వచ్చినది. జంతువు బొమ్మకు బదులు పారసీకాక్షరములలో పేరును, బిరుదును నిలిచెను. ఈ సుల్తానులు తమ ఫర్మానాలను పారసీకముతోపాటు తెలుగునను వ్రాయించుచుండుట గమనింపదగినది. పై మొహరు చదువనేరని కరణము క్రింది తెలుగు చదివి పని నడపెడువాడు. లాంఛనము బొమ్మనుండి లిపికి మారినప్పుడు, బొమ్మ చేయుచుండిన పనిని రెండవ భాష చేయవలసివచ్చినది.

1724 మొదలు దక్కను నేలిన ఆసఫ్ జాహీల పతాక కథ వేరు. ఇంతవరకు చూచిన లాంఛనములన్నియు వారసత్వపు గుర్తులు కాగా, ఇది ఒక భిక్ష గుర్తుగా ప్రసిద్ధి. తొలి నిజాము దక్కనుకు వచ్చునప్పుడు ఔరంగాబాదు సూఫీ ఫకీరు హజ్రత్ నిజాముద్దీనుని దర్శింపగా, ఆయన పసుపుబట్టలో కట్టిన కుల్చాలు పెట్టెననియు, ఆకలిగొన్న నిజాము ఏడు తినగా, ఏడుతరములు నీ వంశము పాలించునని ఆయన దీవించెననియు జనశ్రుతి. ఆ బట్ట రంగు జెండాకు నేల యైనది. కుల్చా నడుమ గుండ్రని బిళ్ళ యైనది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను (1911–1948) నాటి జెండాలో పైన ఘనత యంతయు భగవంతునిదే యను నర్థము గల అరబ్బీ వాక్యమును, క్రింద ‘యా ఉస్మాన్’ అను సంబోధనమును, నడుమ నిజాముల్ముల్క్ ఆసఫ్ జా అను బిరుదును ఉండెను.

చరిత్ర లెక్క యీ కథకు పూర్తిగా లొంగదు. మొదటి నిజాము 1748లో గతించిన పిమ్మట 1762 వరకు నాసిర్ జంగు, ముజఫర్ జంగు, సలాబత్ జంగు అను మువ్వురు దక్కను గద్దె నెక్కిరి. వారికి ఆసఫ్ జా బిరుదు లేకుండుటచేత వారిని లెక్కింపక విడిచిన యెడలనే ఏడు సంఖ్య సరిపోవును. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానము లొంగిపోయిన పిమ్మట కథ నిజమైనట్లు జనులకు తోచినది. జోస్యమునకు ప్రఖ్యాతి వచ్చుట తరచుగా ఫలించిన తరువాతనే గదా!

జాతీయ పతాక, అశోక చిహ్నము

మచిలీపట్నము చెంత భట్లపెనుమర్రున పుట్టిన పింగళి వెంకయ్య 1916లోనే భారత జాతీయపతాకను గురించి ఆంగ్లమున ఒక పుస్తకము ప్రకటించి, అందు పలు నమూనాలను ఇచ్చెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదులలో బెజవాడయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు గాంధీ కోరికపై ఆయన ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను సిద్ధపరచెను. రాట్నపు బొమ్మ జలంధరు వాసియగు లాలా హంసరాజు సూచన; తెలుపును చేర్చుమన్న మాట గాంధీది. 1931లో కాంగ్రెసు కాషాయము, తెలుపు, ఆకుపచ్చ యను వరుసను నిర్ణయించినది. 1947 జులై 22న రాజ్యాంగసభ రాట్నమునకు మారుగా ఇరువదినాలుగాకుల అశోకచక్రమును నిలిపినది. సారనాథ స్తంభశిఖరమునందలి సింహములు 1950 జనవరి 26న భారత ప్రభుత్వ చిహ్న మైనవి.

ఇందును పాత పరిపాటియే కలదు. మూడుపదులు నిండని ఉద్యమచిహ్నమగు రాట్నము స్థానమున, రెండువేల యేండ్ల వెనుకటి చక్రవర్తి చిహ్నమును రాజ్యాంగసభ ఎన్నుకొన్నది. చక్రము రాట్నమును బోలియుండుట ఆ మార్పును సుగమము చేసినది.

భారత గణతంత్రమున రాష్ట్రములకు వేరు పతాకలు పెట్టుకొను ఆచారము లేదు; 1952లో తన పతాకను నిర్ణయించుకొన్న జమ్మూకాశ్మీరు ఒక్కటియే దీనికి మినహాయింపై, 2019 వరకు నిలిచెను. కావున రాష్ట్రముల వ్యక్తిత్వమంతయు వాని అధికారముద్రలలోనే చూడవలెను.

రెండు రాష్ట్రముల ముద్రలు

ఆంధ్రప్రదేశ్ ముద్ర నడుమనున్నది పూర్ణకుంభము. దీని మూలము అమరావతి స్తూపపు పలకలయందున్నది. పల్నాటి సున్నపురాతిపై శిల్పులు చెక్కిన ఆ కలశము నిండు పొట్టతో, మెడనుండి పొంగిపొరలు తామరమొగ్గలతో, నీరు కనబడకయే నిండుదనమును చూపును. 1797 ప్రాంతమున కర్నల్ మెకంజీ కంటబడినది మొదలు ఆ స్తూపపు రాళ్ళు పలుచోట్లకు తరలినవి. వానిలో పెద్దభాగము ఇప్పుడు చెన్నపట్టణపు వస్తుశాలలోను, లండనునందలి బ్రిటిషు మ్యూజియములోను ఉన్నవి. తన ముద్ర మూలశిల్పములను చూడవలెనన్న ఆంధ్రుడు తరచుగా పొరుగు రాష్ట్రమునకో, సముద్రము దాటియో పోవలసియుండుట ఒక విధి. 2018 నవంబరులో ప్రభుత్వము ఈ ముద్రను అమరావతి శిల్పరీతికి మరింత దగ్గరగా మరల తీర్చి ప్రకటించినది. అందు ధర్మచక్రము, త్రిరత్నముల వరుస, నడుమ హారములు దాల్చిన పూర్ణఘటము ఉన్నవి. లోపలి, నడిమి, వెలుపలి వలయములలో క్రమముగా 48, 118, 148 పూసలు కలవు. బౌద్ధస్తూపము ప్రాకారమున మంగళచిహ్నమైన కుంభము, నేడు వేదపండితులు పూర్ణకుంభముతో ఎదురువచ్చు సంప్రదాయమును గూడ స్ఫురింపజేయుటచేత ఏ మతమువారికిని పరాయిది కాలేదు.

తెలంగాణ ముద్ర 2014 జూన్ 2న రాష్ట్రావతరణముతో వెలువడినది. నల్లగొండ సీమ చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ దీనిని తీర్చెను. ఆకుపచ్చ, బంగారు రంగుల వలయమున కాకతీయ కళాతోరణము, తోరణము క్రింద చార్మినారు, మీద సారనాథ సింహములు, చుట్టును తెలుగు, ఆంగ్ల, ఉర్దూ భాషలలో ప్రభుత్వనామము కలవు. ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కుల నిలిచిన ఆ తోరణములు స్వయంభూదేవుని గుడికి ద్వారములు. 1323లో కోట ఢిల్లీ సేనలకు లొంగిన పిమ్మట గుడి శిథిలమైనది, ద్వారములు మాత్రము నిలిచినవి. చార్మినారు 1591 నాటిది. రెండువందల యరువదియెనిమిదేండ్ల యెడముగల ఆ రెండు కాలములు చరిత్రలో ఎన్నడును ఎదురుపడలేదు. ముద్రలో మాత్రము ఒకటి రెండవదానికి వాకిలియై నిలిచినది. 2024లో ఈ ముద్రను మార్చు ప్రయత్నము సాగగా, తోరణమును చార్మినారును తొలగింతురన్న వార్తపై వాదోపవాదములు చెలరేగి, ప్రభుత్వము నిర్ణయమును వాయిదా వేసినది. పదియేండ్ల వయసుగల ముద్రకై అంతటి పట్టుదల కనబడుటకు కారణము, అందలి బొమ్మల వయసు పదియేండ్లు కాకుండుటయే.

ఉపసంహారము

వరాహమునకును కుంభమునకును, కడియమునకును కాగితమునకును నడుమ ఎంత దూరమున్నను, రాజముద్ర చేయు పని మారలేదు. వేంగీ రాజు కడియమునకు ముద్ర వేసి పండితునకు భూమి నిచ్చెను. నేటి ప్రభుత్వములును రైతునకు పొలముపై హక్కును ముద్రగల కాగితముమీదనే యిచ్చుచున్నవి. ఆ కాగితము చేతికి వచ్చినప్పుడు రైతు సర్వే నెంబరు చూచుకొనును, విస్తీర్ణము చూచుకొనును. ఆ రెండింటికంటె ముందుగా, నాడు కడియము తెగలేదుగదా యని చూచుకొన్నట్లే, ముద్ర ఉన్నదా యని చూచుకొనును.